ఎడారిలో చిరు ప్రకంపనలు – ఇంటింటికీ ఒక పాఠం



2016 సెప్టెంబరు నెలాఖరున ఒక రోజు ఉదయం దివ్యబలిపూజ ముగించుకొని బయటికి వస్తుంటే, మా విచారణకు చెందిన ఒక తల్లి దేవాలయం మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఫోను, కళ్ళలో నీళ్ళు. ఆమె కూతురు అమెరికాలో, దక్షిణ కాలిఫోర్నియాలో నర్సుగా పనిచేస్తోంది. "ఫాదర్‌గారూ, మా అమ్మాయి ఉన్న చోట వారంలోగా పెద్ద భూకంపం వస్తుందంటగా? శాస్త్రవేత్తలే చెప్పారంట. చూడండి, ఇందులో రాశారు" అంటూ ఫోను నా ముందు పెట్టింది.

నేను ఆ సందేశాన్ని సరిగా చదవను కూడా చదవలేదు. "ఇవన్నీ పుకార్లమ్మా, ఏమీ కాదు. నేను చెబుతున్నానుగా, ధైర్యంగా ఇంటికి వెళ్ళు" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకొని వెళ్ళిపోయింది. మంచి మాట చెప్పి పంపానని నేనూ తృప్తిపడ్డాను.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయే ఫోను చేసింది. గౌరవంగానే మాట్లాడింది కానీ, మాటలో నొప్పి ఉంది. "ఫాదర్‌గారూ, ఏమీ కాదని అమ్మకు చెప్పారట. ఇక్కడ మాకు అలా ఎవరూ చెప్పలేదండీ. బహుశా రాకపోవచ్చు, అయినా సిద్ధంగా ఉండండి అని మాత్రమే చెప్పారు. అమ్మకు ఆ రెండో మాట కూడా చెప్పి ఉంటే బాగుండేది" అంది.

నాకు సిగ్గు వేసింది. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివినవాడిని. తెలిసినదానికీ, అనుకున్నదానికీ, కోరుకున్నదానికీ మధ్య తేడా చూడమని ఆ చదువు నాకు నేర్పింది. అలాంటి నేను, నాకు తెలియని సంగతికి హామీ ఇచ్చాను. ఆ రోజు నుంచి ఈ విషయం గురించి కొంత చదువుకున్నాను. చదివినది ఈ వారం మీతో పంచుకుంటాను. పిల్లలున్న ఇళ్ళలో పెద్దవాళ్ళు దీన్ని వారికి చదివి వినిపిస్తే సంతోషిస్తాను.

ఆ ప్రదేశం ఎలాంటిది?

కాలిఫోర్నియా రాష్ట్రం దక్షిణపు కొసలో, మెక్సికో సరిహద్దును ఆనుకొని ఇంపీరియల్ లోయ ఉంది. అది ఎడారి. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన మన దగ్గర ఒక్క మంచి ముసురు రోజున పడేంత ఉంటుంది. ఎండాకాలంలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. అయినా కొలరాడో నది నీళ్ళను కాలువల ద్వారా తెచ్చి అక్కడ లక్షల ఎకరాలు సాగుచేస్తున్నారు. ఆ పొలాల్లో పనిచేసేవారిలో చాలామంది మెక్సికో మూలాలున్న కుటుంబాలవారు. వారిలో ఎక్కువమంది మనలాగే కతోలికులు. ఆ లోయ సాన్ డియేగో మేత్రాసనం కిందికి వస్తుంది.

లోయకు ఉత్తరాన 'సాల్టన్ సీ' అనే పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. 1905లో కొలరాడో నది కాలువ గట్టు తెంచుకొని పల్లంలోకి మళ్ళింది. 1907లో గానీ దాన్ని తిరిగి కట్టలేకపోయారు. ఆ రెండేళ్ళ నీరే ఈ సరస్సు. దాని నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 70 మీటర్లు దిగువన ఉంది. సరస్సు తూర్పు ఒడ్డున ఒక చిన్న ఊరు. దాని పేరు వింటే మనకు నవ్వొస్తుంది: బాంబే బీచ్! మన బొంబాయికీ దానికీ చాలా దూరం. కానీ భూకంప శాస్త్రజ్ఞులందరికీ ఆ ఊరి పేరు తెలుసు. ఎందుకంటే శాన్ ఆండ్రియాస్ అనే ప్రసిద్ధమైన భ్రంశానికి దక్షిణపు కొస అక్కడే ఉంది.

భ్రంశం అంటే ఏమిటి?

మనం నిలబడిన నేల ఒకే ముక్క కాదు. భూమి పైపొర కొన్ని పెద్ద పలకలుగా ఉంది. ఆ పలకలు బహు నిదానంగా కదులుతుంటాయి. కాలిఫోర్నియా దగ్గర పసిఫిక్ పలక, ఉత్తర అమెరికా పలక ఒకదాని పక్కనుంచి మరొకటి రాసుకుంటూ వెళ్తున్నాయి. ఆ వేగం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. మన వేలి గోరు పెరిగే వేగం కంటే కాస్త ఎక్కువ. అలా రాసుకునే చోట రాతిపొరలో ఏర్పడ్డ పగులునే భ్రంశం అంటారు.

పలకలు కదులుతున్నా, పగులు దగ్గర రాయి రాయిని పట్టుకొని ఉంటుంది. బిగుసుకుపోయిన తలుపును తోస్తున్నట్టు అనుకోండి. ఎంత తోసినా మొదట కదలదు. బలం మాత్రం పోగవుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక్కసారిగా తెరుచుకొని ఇల్లంతా అదురుతుంది. భూకంపమూ అంతే.

బాంబే బీచ్ దగ్గర శాన్ ఆండ్రియాస్ భ్రంశం ఆగిపోతుంది. మరికొంత దక్షిణాన, కొంచెం పక్కకు జరిగి, ఇంపీరియల్ అనే మరో భ్రంశం మొదలవుతుంది. ఒక గుడ్డకు రెండు చీలికలు పెట్టి, అవి ఒకదానితో ఒకటి కలవకుండా ఉంచి లాగి చూడండి. మధ్యలో ఉన్న గుడ్డ సాగి పలుచబడుతుంది. ఈ రెండు భ్రంశాల మధ్య నేల కూడా అలాగే సాగుతోంది. దాన్ని బ్రాలీ భూకంప మండలం అంటారు. అక్కడ భూమి పైపొర పలుచన, అడుగున వేడి ఎక్కువ. సరస్సు దక్షిణపు ఒడ్డున చిన్న అగ్నిపర్వత దిబ్బలున్నాయి. భూగర్భంలోని వేడి నీటి ఆవిరితో అక్కడ విద్యుత్తు కూడా తయారుచేస్తున్నారు. చిరు ప్రకంపనలు గుంపులు గుంపులుగా పుట్టేది ఈ మండలంలోనే.

ముసురు, గాలివాన

మామూలుగా భూకంపం వస్తే ముందు ఒక పెద్ద కుదుపు, దాని వెనుక రోజురోజుకీ తగ్గుతూ చిన్న చిన్న కుదుపులు వస్తాయి. గాలివాన వెలిశాక కూడా చూరు నీళ్ళు చాలాసేపు కారుతాయి కదా, అలాగన్నమాట. కానీ బ్రాలీ మండలంలో తరచుగా జరిగేది వేరు. గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజుల తరబడి, వందల సంఖ్యలో చిన్న ప్రకంపనలు వస్తాయి. వాటిలో ఇది అసలుది, మిగతావి కొసరు అని చెప్పడానికి వీలుండదు. ఇది ముసురు. ముసురులో పెద్ద చినుకు ఏదని అడిగితే ఏం చెబుతాం? శాస్త్రజ్ఞులు దీన్ని తేనెటీగల గుంపుతో పోల్చి 'స్వార్మ్' అన్నారు.

దీనికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది, లోతుల్లో వేడి నీరు, ఇతర ద్రవాలు ఒత్తిడితో రాతి పగుళ్ళలోకి చొరబడటం. తడిసిన రాయి రాయిని గట్టిగా పట్టుకోలేదు, జారుతుంది. రెండవది, భ్రంశంలో కొంత భాగం చప్పుడు చేయకుండా మెల్లగా జారడం. ఆ జారుడు చుట్టుపక్కల చిన్న పగుళ్ళను ఒకదాని తర్వాత ఒకటిగా కదిలిస్తుంది. ఒక్కోసారి రెండూ కలిసే పనిచేస్తాయి.

ఇలాంటి గుంపులు అక్కడ కొత్త కాదు. 2009 మార్చిలో బాంబే బీచ్ దగ్గర వచ్చిన గుంపులో పెద్దది 4.8 తీవ్రతది. 2012 ఆగస్టు 26న బ్రాలీ పట్టణం దగ్గర వందల ప్రకంపనలు వచ్చాయి. వాటిలో పెద్దవి 5 దాటాయి. చక్రాల మీద తెచ్చి నిలిపే తేలిక ఇళ్ళు కొన్ని పునాదుల మీదినుంచి పక్కకు జరిగిపోయాయి. 2016 సెప్టెంబరు 26న మళ్ళీ బాంబే బీచ్ దగ్గరే సుమారు 200 ప్రకంపనలు, వాటిలో పెద్దది 4.3. ఆ తల్లి నాకు చూపించిన సందేశం పుట్టింది అక్కడినుంచే.

శాస్త్రవేత్తలు నిజంగా చెప్పినదేమిటి?

పుకారు అబద్ధం కాదు, సగం నిజం. అందుకే అది ప్రమాదకరం.

శాన్ ఆండ్రియాస్ భ్రంశపు దక్షిణ భాగం కదిలి పెద్ద భూకంపం వచ్చి దాదాపు 300 ఏళ్ళయింది. ఇన్నేళ్ళుగా అక్కడ బలం పోగవుతోంది. అలాంటి భ్రంశపు కొసనే చిరు ప్రకంపనలు తడితే, అది కదిలే అవకాశం కొంత పెరుగుతుంది. అందుకని 2016 సెప్టెంబరు 27న కాలిఫోర్నియా అత్యవసర సేవల విభాగం ప్రజలకు ఒక సూచన జారీచేసింది. అక్టోబరు 4 లోపల ఆ భ్రంశం మీద 7 లేదా అంతకంటే ఎక్కువ తీవ్రతతో భూకంపం వచ్చే అవకాశం 10,000లో 3 నుంచి 100లో 1 వరకు ఉందని అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ లెక్కగట్టింది.

ఈ అంకెలను నిదానంగా చదవండి. ఎక్కువలో ఎక్కువ లెక్క తీసుకున్నా, రాకపోవడానికి 100లో 99 పాళ్ళు అవకాశం ఉంది. 'వస్తుంది' అని ఎవరూ అనలేదు. 'రాదు' అని కూడా ఎవరూ అనలేదు. ఆ సందేశం మొదటి తప్పు చేసింది, మీ ఈ ఫాదర్ రెండవ తప్పు చేశాడు.

ఆ వారం గడిచింది, పెద్ద భూకంపం రాలేదు. "చూశారా, ఫాదర్‌గారు చెప్పిందే నిజమైంది" అని ఆ తల్లి సంతోషపడింది. లేదమ్మా, నేను చెప్పింది నిజం కాలేదు. గుడ్డిగా విసిరిన రాయి తగిలితే అది గురి అనిపించుకోదు.

వచ్చిన రోజులూ ఉన్నాయి

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, ఆ ఎడారి ప్రాంతంలోనే చిన్నది ముందొచ్చి, దాని వెనుక పెద్దది వచ్చిన సందర్భాలున్నాయి. 1987 నవంబరు 23న ఇంపీరియల్ లోయ పడమటి అంచున 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 12 గంటల తర్వాత, 24వ తేదీన, పక్కనే ఉన్న మరో భ్రంశం మీద 6.6 తీవ్రతతో ఇంకొకటి వచ్చింది. 2019 జూలై 4న ఉత్తరంగా మొహావీ ఎడారిలో రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర 6.4 వచ్చింది. అసలుది అయిపోయిందని జనం అనుకున్నారు. 34 గంటల తర్వాత 7.1 వచ్చింది.

2010 ఏప్రిల్ 4 సంగతి మనం మరచిపోకూడదు. ఆ రోజు పాస్కా ఆదివారం. మధ్యాహ్నం విందుల వేళ, సరిహద్దుకు దక్షిణాన మెక్సికోలోని మెహికాలి ప్రాంతంలో 7.2 తీవ్రతతో నేల కదిలింది. దానికి ముందు కూడా అక్కడ చిన్న ప్రకంపనలు వచ్చాయి. పొలాల్లో నేల బురదై పొంగింది, కాలువలు దెబ్బతిన్నాయి. ప్రాణనష్టం మాత్రం కొద్దిమందితో ఆగింది.

అలాగని ప్రతి చిన్నదాని వెనుకా పెద్దది ఉండదు. కాలిఫోర్నియాలో ఒక భూకంపం వచ్చాక, వారంలోగా అదే చోట దానికంటే పెద్దది వచ్చే అవకాశం సుమారు 20లో ఒకటి అని పాత లెక్కలు చెబుతున్నాయి. ఆ ఒకటి ఏదో ముందుగా చెప్పగల విద్య ఈనాటికీ ఎవరి దగ్గరా లేదు. రోజు, గంట చెప్పి భయపెట్టేవారిని నమ్మకండి.

ఒక అపోహ

"చిన్నచిన్నవి వస్తే మంచిదేలే, ఒత్తిడి కాస్త కాస్త దిగిపోతుంది, పెద్దది రాదు" అని చాలామంది అంటారు. వినడానికి బాగుంటుంది కానీ, లెక్క కుదరదు. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. 4 తీవ్రత గల భూకంపానికీ 7 తీవ్రత గలదానికీ శక్తిలో తేడా సుమారు 32 వేల రెట్లు. అంటే ఒక పెద్ద భూకంపపు శక్తి చిన్నవాటితో దిగిపోవాలంటే, ఆ చిన్నవి 32 వేలు రావాలి. చెంచాతో తోడి చెరువు ఖాళీ చేస్తామా?

మన ఇంటి ముంగిట

ఇదంతా అమెరికా సంగతే అనుకోకండి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 4 గంటలు కావస్తుండగా మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 10 వేలమంది చనిపోయారు. అప్పుడు నేను హైదరాబాదులో గురువిద్యార్థిని. మంచాలు కదిలి అందరం లేచి కూర్చున్నాం. ఆ తర్వాత తెలిసిన విషయం నన్ను ఇప్పటికీ వదలలేదు. అంతకు ముందు ఏడాది, 1992 అక్టోబరు నుంచే, ఆ ఊళ్ళో చిన్న ప్రకంపనలు వచ్చాయి. ఊరు భయపడింది, తర్వాత అలవాటుపడింది. మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి. చాలామందిని చంపింది ఆ గోడలూ, పైకప్పులే.

2020 అక్టోబరులో హైదరాబాదు బోరబండలో నేల లోపలినుంచి శబ్దాలు, చిన్న అదురులు వస్తే జనం రాత్రివేళ వీధుల్లోకి వచ్చారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అక్కడ పరికరాలు పెట్టి పరిశీలించారు. మన నేల కాలిఫోర్నియా నేలలాంటిది కాదు, పలకల అంచున లేదు. అయినా పూర్తిగా నిద్రపోతున్న నేల అంటూ ఏదీ లేదు.

దేవుని కోపమా?

ఈ ప్రశ్న ప్రతి భూకంపం తర్వాత ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగ ఉదయం, లిస్బన్ నగరంలో దేవాలయాలు నిండి ఉన్న వేళ భూకంపం వచ్చి వేలాదిమంది చనిపోయారు. అది పాపాలకు శిక్ష అని బోధించినవారున్నారు. ఆ మరుసటి ఏడాదే కాంట్ అనే తత్త్వవేత్త, దీనికి కారణాలు నేలలోనే వెదకాలని వ్యాసాలు రాశాడు. పూజలో ఉన్నవారిని పాపులని ఎలా తేల్చాం అన్న ప్రశ్నకు మొదటివారి దగ్గర జవాబు లేదు. మన ప్రభువు కూడా సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది మిగతావారికంటే ఎక్కువ పాపులేమీ కారని స్పష్టంగా చెప్పిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో చదువుకోవచ్చు.

తిరుసభ ఈ విషయంలో చేతులు కట్టుకొని కూర్చోలేదు. అమెరికాలో యేసుసభ గురువులు 1909లోనే తమ కళాశాలల్లో భూకంప లేఖినులు అమర్చి ఒక వ్యవస్థ ఏర్పాటుచేశారు. దాన్ని 1925లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పునర్వ్యవస్థీకరించిన జేమ్స్ మాకెల్వేన్ గారు యేసుసభ గురువే. భూకంప శాస్త్రాన్ని సరదాగా 'యేసుసభవారి శాస్త్రం' అనేవారంటే ఆ కృషి ఎంతటిదో ఊహించండి. పూజపీఠం దగ్గర నిలబడిన చేతులే భూకంప లేఖిని ముల్లునూ సరిచేశాయి. ఆ రెండు పనులకూ మధ్య వారికి తగాదా కనిపించలేదు.

చేయవలసినది

1940 మే 18న ఇంపీరియల్ లోయలో వచ్చిన 6.9 తీవ్రత భూకంపంలో తొమ్మిది మంది చనిపోయారు. ఆ రోజు ఎల్ సెంట్రో పట్టణంలో ఒక పరికరం నేల కదలికను నమోదుచేసింది. భవనాలు ఎలా ఊగుతాయో లెక్కగట్టడానికి ఈనాటికీ ప్రపంచమంతటా ఆ నమోదునే ఉదాహరణగా తీసుకుంటారు. మన సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా దాన్ని చదువుతారు. ఒక ఊరి కష్టం నుంచి ఇంకో ఊరి గోడలు బలపడ్డాయి.

2008 నుంచి దక్షిణ కాలిఫోర్నియాలో ఏటా భూకంప అభ్యాసం చేస్తున్నారు. తొలి ఏడాది ఊహించుకున్న భూకంపం బాంబే బీచ్ దగ్గరే మొదలైనట్టు, 7.8 తీవ్రతతో వచ్చినట్టు లెక్క వేసుకున్నారు. బడిపిల్లలతో సహా లక్షలాదిమంది ఒకే గంటలో బల్లల కింద దూరారు. నేర్పేది మూడే మాటలు: కిందికి వంగు, తల దాచుకో, బల్లను గట్టిగా పట్టుకో. ఊగుతున్నంతసేపు పరుగెత్తవద్దు.

మన ఇళ్ళలో ఈ వారమే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పడుకునే చోట తలపైన అటక మీద బరువైన సామాను ఉంటే దించండి. బీరువాను గోడకు బిగించండి. టార్చిలైటు, మంచినీళ్ళు, మందులు చేతికందే చోట ఉంచండి. గ్యాసు సిలిండరు కట్టేయడం ఇంట్లో అందరికీ నేర్పండి. ఇల్లు కడుతుంటే మేస్త్రిని నమ్మి ఊరుకోకుండా ఒక ఇంజనీరుకు చూపించండి.

ఇప్పుడు ఆ మెట్ల దగ్గరికి మళ్ళీ వెళ్దాం. ఆ తల్లి ఈ రోజు వచ్చి అదే ప్రశ్న అడిగితే నేను ఇలా చెబుతాను: "అమ్మా, రాకపోవచ్చు. వచ్చినా రావచ్చు. ఎప్పుడో నాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. అమ్మాయికి ఫోను చేసి, మంచం పక్కన బరువైనవి ఉన్నాయేమో చూసుకోమను. నీళ్ళు దాచుకోమను. తర్వాత మనమిద్దరం కూర్చుని ఆమెకోసం ప్రార్థిద్దాం."

ఇది మొదటిదానికంటే తక్కువ ఓదార్పులా కనిపిస్తుంది. కానీ ఇందులో అబద్ధం లేదు, ఆ అమ్మాయి చేయగలిగిన పని కూడా ఉంది. హోరేబు కొండ మీద ఏలీయాకు దేవుడు భూకంపంలో కనిపించలేదు. అది గడిచిపోయాక మెల్లని స్వరంలో పలికాడు. పలికి, ఊరుకొమ్మనలేదు, లేచి వెళ్ళి చేయవలసిన పని అప్పగించాడు.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మనకు తెలియని విషయంలో 'ఏమీ కాదు' అని ఎవరికైనా హామీ ఇచ్చామా? దానికి బదులు ఏం చెప్పి ఉండవలసింది?

2. ఫోనులో వచ్చిన భయపెట్టే సందేశాన్ని ఇతరులకు పంపేముందు ఎవరిని అడిగి నిజం తెలుసుకోవాలి?

3. మన ఇంట్లో పిల్లలు, వృద్ధులు పడుకునే చోట తలపైన ఏముంది? ఈ రాత్రే ఒకసారి చూడండి.